పొద్దున లేవగానే అలసటే, గుడి పని కూడా బరువైపోయింది. ఏం చేయాలి?

కొరిటెపాడు గుమాస్తా:

అందరికీ వందనాలు. నాకు 39 ఏళ్లు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో 14 ఏళ్లుగా గుమాస్తాగా చేస్తున్నాను. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మా బతుకు ఎలా ఉంటుందో యార్డు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. లక్ష టిక్కీలు (మిర్చి బస్తాలు) దాటి దిగిన రోజులు కూడా ఉంటాయి. పొద్దున శాంపిళ్లతో మొదలుపెడితే కాటాలు, రైతులకిచ్చే పట్టీలు (అమ్మకం లెక్క చీటీలు), హమాలీల లెక్క, కొన్నవాళ్ల నుంచి రావాల్సిన డబ్బు. అన్నీ ముగించి కంప్యూటర్ ఆపేసరికి రాత్రి పదకొండు. శని, ఆదివారాలు యార్డుకు సెలవే గానీ శనివారం మాకు లెక్కల రోజు.

ఇక గుడి సంగతి. మాది లూథరన్ గుడి. ట్రెజరర్‌ని నేనే. సండే స్కూల్లో పెద్ద పిల్లల క్లాసు నాదే. శనివారం రాత్రి క్వయర్ ప్రాక్టీసుకి కీబోర్డు నేనే. బుధవారం గృహ కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన. వీటిలో ఒక్కటీ ఎవరూ బలవంతంగా నా నెత్తిన పెట్టలేదు. 'నువ్వయితే కాదనవు' అని అడుగుతారు, నేను కాదనను. అంతే.

ఈ ఏడు లోపల ఏదో తెగిపోయింది. మార్చిలో పల్నాడు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, తన పట్టీలో ఒక టిక్కీ తక్కువ పడిందని మూడోసారి అడిగాడు. అందరి ముందూ అరిచాను. ఏమన్నానో ఇక్కడ రాయలేను. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, బయటికెళ్లి చెట్టు కింద కూర్చున్నాడు. గంట తర్వాత చూసుకుంటే తప్పు నాదే, ఆయన టిక్కీ పక్క రైతు పేరు మీద ఎక్కింది. డబ్బు సరిచేసి పంపాను గానీ, క్షమించమని మాత్రం అడగలేదు. నేను బయటికి వచ్చేసరికి ఆయన వెళ్లిపోయాడు.

ఆ రాత్రి ఇంటికి వెళ్తూ బండి పక్కన ఆపుకుని ఏడ్చాను. చూసినవాళ్లు మిర్చి ఘాటు అనుకుని ఉంటారు. గుంటూరులో అదొక సౌకర్యం.

ఇప్పుడు ఎనిమిది గంటలు పడుకున్నా లేచేసరికి ఒళ్లంతా అలసటే. గుడిలో ప్రార్థన చేయమంటే 'దయగల తండ్రీ' నుంచి 'ఆమెన్' దాకా అలవాటైన మాటలు వరసగా వచ్చేస్తాయి. లోపల మాత్రం ఖాళీ కొట్టులా ఉంటుంది. పిల్లలు నవ్వినా చిరాకే. కొన్ని రాత్రులు 'రేపు లేవకపోతే బాగుండు' అనిపిస్తోంది. చచ్చిపోవాలని లేదు, లేవకపోతే చాలు అనిపిస్తుంది.

మా పాస్టర్ అయ్యగారితో చెబితే ఇది శోధన (విశ్వాసానికి పరీక్ష), ఇంకా ఎక్కువ ప్రార్థించమన్నారు. అత్తగారు ఉపవాసం ఉండమన్నారు. మా ఆవిడ మాత్రం 'ముందు వేళకు అన్నం తినండి' అంది.

'ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి, నేను మీకు విశ్రాంతి కలుగజేతును' అన్న బైబిలు వాక్యం మా గుడి గోడ మీద పెద్ద అక్షరాల్లో ఉంది. పదేళ్లుగా దాని కిందే కూర్చుని కానుకలు లెక్కపెడుతున్నాను. మరి ఆ విశ్రాంతి నాకెందుకు దొరకడం లేదు? గుడి పని తగ్గించుకుంటే దేవుడికి తగ్గించినట్టేనా? ఇది దాటి వచ్చినవాళ్లు ఉంటే మీరు ఏం చేశారో చెప్పండి. వాక్యాలు మాత్రం పంపొద్దు, రోజుకి ముప్పై వాట్సాప్‌లో వస్తున్నాయి.

రిటైర్డ్ నర్సమ్మ, బ్రాడీపేట:

నాయనా, 34 ఏళ్లు వార్డుల్లో తిరిగినదాన్ని, కాబట్టి ముందు నర్సు మాట విను. రేపు పరగడుపున రక్తం ఇచ్చి రా. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, బి12. ఆత్మీయ సమస్య అనుకుని ఏళ్ల తరబడి కుమిలిపోయి, చివరికి థైరాయిడ్ అని తేలినవాళ్లను ఎంతమందిని చూశానో.

'రేపు లేవకపోతే బాగుండు' అన్నావే, ఆ మాట డాక్టరు దగ్గర కూడా అచ్చం అలాగే చెప్పు, మింగేయకు. అర్ధరాత్రి అలా అనిపిస్తే 14416కి ఫోన్ చెయ్యి. ప్రభుత్వం వాళ్ల టెలి మానస్ అది. డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

నీకున్నది బర్నౌట్ అంటారు ఈ రోజుల్లో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దాన్ని తన జాబితాలో చేర్చింది. రోగం కింద కాకుండా, పని ఒత్తిడి సర్దుకోక ముదిరితే వచ్చే స్థితి అని రాసింది. సత్తువ ఉడిగిపోవడం, పని మీదా మనుషుల మీదా విరక్తి పుట్టడం, ఏదీ సరిగ్గా చేయలేకపోతున్నానని అనిపించడం దాని గుర్తులు. ఆ రైతు దగ్గర జరిగిన దాంట్లో ఈ మూడూ ఉన్నాయి, చూసుకో.

వాక్యాలు వద్దన్నావు, సరే. ఒక్క కథ అయినా చెప్పనీ. బైబిల్లో ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద పడి, చాలు ప్రభువా, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవదూత వచ్చి ప్రసంగం చేశాడా? నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టాడు. మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. 'ఇక్కడ నువ్వేం చేస్తున్నావు' అని దేవుడు అడిగింది నలభై రోజుల తర్వాత, హోరేబు కొండ దగ్గర. మీ ఆవిడ చెప్పింది ఆ దేవదూత మాటే. మీ అత్తగారితో అనకులే.

ఇంకొకటి. 1842లో అమెరికా నుంచి మన గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్ అయ్యగారి గురించి మీ గుడిలో ఏటా చెబుతారు కదా. కొన్నేళ్లకే ఆరోగ్యం పాడై ఆయన అమెరికా తిరిగి వెళ్లారనీ, అక్కడ వైద్యం చదువుకుని మళ్లీ వచ్చారనీ ఎవరూ నొక్కి చెప్పరు. అప్పటికి ఇంకో మిషనరీ గన్ అయ్యగారు ఇక్కడ ఉన్నారు, పని నడిచింది. నువ్వు నాలుగు నెలలు కీబోర్డు ముట్టుకోకపోతే గుంటూరు క్రైస్తవ్యం ఏమీ అయిపోదు.

జయజీవితం:

ప్రైజ్ ది లార్డ్ బ్రదర్. అందరూ టెస్టులు, విటమిన్లు అంటున్నారు, మరి దేవుడెందుకు? నేను 21 రోజులు ఉపవాసం ఉండి అన్నిటినీ జయించాను. మీరు కూడా ఉండి చూడండి.

రిటైర్డ్ నర్సమ్మ, బ్రాడీపేట:

షుగర్ ఉందో లేదో తెలియని మనిషికి 21 రోజుల ఉపవాసం చెప్పకు బాబూ. అలా ఉండి పడిపోయినవాళ్లకు సెలైన్ ఎక్కించింది మేము.

పటమట కాపరి:

గుమాస్తా గారూ, నేను బెజవాడలో ఒక చిన్న సంఘానికి పాస్టర్‌ని. మీ అయ్యగారి మీద మనసు కష్టపెట్టుకోకండి. ఆరేళ్ల కిందటి దాకా ఎవరు వచ్చినా నేనూ అదే చెప్పేవాణ్ణి. నిజం ఒప్పుకోవాలంటే, ట్రెజరర్ తప్పుకుంటే రేపు కానుకల పెట్టె ఎవరు చూస్తారన్న భయం మాకూ ఉంటుంది. ఆ భయానికి శోధన అని పేరు పెట్టడం తేలిక.

నాకు ఎలా తెలిసిందంటే, ఒక సమాధి కార్యక్రమంలో చనిపోయినావిడ పేరు బదులు ఎదురుగా నిలబడి ఏడుస్తున్న చెల్లెలి పేరు చదివాను. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆ వారం పదకొండు ఇళ్లలో ప్రార్థనలు, మూడు పెళ్లిళ్లు, ఒక గృహప్రవేశం. ఇంటికొచ్చి మా ఆవిడతో 'నేను ఇక బైబిలు పట్టుకోలేను' అన్నాను. ఆమె ఫోను తీసుకుని బియ్యం డబ్బాలో పెట్టింది.

అప్పటి నుంచి సోమవారం నా సబ్బాతు, అంటే విశ్రాంతి దినం. ఆదివారం మాకు సబ్బాతు ఎక్కడిది, అది మా యార్డు రోజు. రెండు నెలలు సంఘంలో సణిగారు. తర్వాత అలవాటైపోయారు. ప్రాణం మీదికొస్తే సంఘ పెద్ద ఒకాయనకు ఫోన్ చేస్తారు, ఆయన నా ఇంటికొచ్చి తలుపు కొడతాడు. ఆరేళ్లలో నాలుగుసార్లు కొట్టారు. అంటే మిగతా సోమవారాలన్నీ నేను లేకుండానే గడిచిపోయాయి. అది తెలిసినప్పుడు హాయిగానూ ఉంది, కొంచెం పౌరుషంగానూ ఉంది.

పది ఆజ్ఞలు రెండు చోట్ల ఉన్నాయి కదా. నిర్గమకాండంలో విశ్రాంతి దినానికి కారణం, దేవుడు ఆరు దినాల్లో సృష్టిని చేసి ఏడో దినాన విశ్రమించాడని. ద్వితీయోపదేశకాండానికి వచ్చేసరికి కారణం వేరు. నువ్వు ఐగుప్తులో (ఈజిప్టులో) దాసుడిగా ఉన్న సంగతి జ్ఞాపకం చేసుకో అంటుంది. దాసుడికి సెలవు అడిగే హక్కు లేదు. కాదనలేకపోవడం కూడా ఒక రకం ఐగుప్తే అని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. మోషేకి కూడా 'ఒక్కడివే చేయలేవు, నలిగిపోతావు' అని మామగారు వచ్చి చెప్పాల్సి వచ్చింది. మామగారి మాట విన్న అల్లుడు బైబిల్లో ఆయనొక్కడేనేమో.

ఇప్పుడు పని మాట. అన్నీ ఒకేసారి వదలకండి, కోపంతో అసలే వదలకండి. ముందు డబ్బు పెట్టె అప్పగించండి, మీ ఉద్యోగం కూడా లెక్కలే కాబట్టి. 'కొంతకాలం' అనొద్దు, తేదీ వేసి కమిటీకి కాగితం ఇవ్వండి. లెక్క ఇద్దరి ముందు అప్పజెప్పి సంతకాలు తీసుకోండి, లేకపోతే విశ్రాంతి పోయి కొత్త తలనొప్పి మొదలవుతుంది.

గుణదల టీచర్:

మేము కథోలికులం, మీరు ఒప్పుకుంటారో లేదో. మా అమ్మ మూడేళ్లు మంచంలో ఉంది. బడి, ఇల్లు, అమ్మ. అప్పుడు నాకూ మీలాగే అయ్యింది. ఫిబ్రవరి 9, 10, 11 తిరునాళ్లకు మేరీమాత కొండకు లక్షల మంది వస్తారు, ఆ రోజుల్లో నేను అటు పోను. మామూలు రోజు తెల్లవారుజామున ఎక్కేదాన్ని. మొదట్లో అమ్మ కోసం, జీతం కోసం అడుగుతూ ఎక్కేదాన్ని. తర్వాత అడగడానికి కూడా ఓపిక లేక ఊరికే కూర్చున్నాను. నాకు ఆ ఊరికే కూర్చోవడమే పని చేసింది. ఆరున్నరకి దిగి బడికి పోయేదాన్ని.

కొరిటెపాడు గుమాస్తా:

అయిదు వారాలైంది, చెప్పకుండా ఉండలేక వచ్చాను. యార్డుకు వేసవి సెలవులు నడుస్తున్నాయి. మిరపకాయలకు కూడా నెల రోజులు సెలవు ఇచ్చే ఊళ్లో ఉండి, నేను ఒక్క శనివారం తీసుకోలేదని ఇప్పుడు గుర్తొచ్చింది.

నర్సమ్మ గారూ, బి12 బాగా తక్కువ ఉంది, ఇంజెక్షన్లు నడుస్తున్నాయి. ఆ మాట డాక్టరుకి అలాగే చెప్పాను. ఆయన ఒక కౌన్సిలర్ దగ్గరికి పంపారు, రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి మాట్లాడింది పావుగంట, మిగతా సమయమంతా ఏడ్చాను. ఈసారి ఘాటు మీద నెట్టడానికి వీల్లేకపోయింది.

పెట్టె అప్పగించాను, డిసెంబరు ఆఖరు దాకా అని తేదీ వేసి. కమిటీలో ఒక పెద్దాయన 'పౌలు అలసిపోయాడా' అని అడిగారు. నేను ఏమీ అనలేదు, మా ఆవిడే గుమ్మం దగ్గర నుంచి 'పౌలుకి పెళ్లాం పిల్లలు లేరండీ' అంది. సండే స్కూలు డిగ్రీ చదివే ఒక అమ్మాయి తీసుకుంది. పిల్లలు నన్ను మరిచిపోయారు, ఆ అమ్మాయి అంటే పడి చస్తున్నారు. సంతోషమే. కాస్త నొచ్చుకున్నాను కూడా. కీబోర్డు మాత్రం వదల్లేదు, దాని ముందు కూర్చుంటే వేళ్లకైనా ప్రాణం ఉన్నట్టుంది.

ఆదివారం సాయంత్రం పాపను తీసుకుని, పక్షులు చేరే ఉప్పలపాడు చెరువుకు పోతున్నాను. గూడబాతులు అంత బరువు పెట్టుకుని అంత సన్నటి కొమ్మ మీద ఎలా కూర్చుంటాయని పాప ప్రతిసారీ అడుగుతుంది. నాకు తెలియదని చెబుతున్నాను. అక్కడ కూర్చున్నంతసేపూ నేను ఎవరికీ ఏ లెక్కా చెప్పక్కర్లేదు.

ప్రార్థన ఇంకా పూర్తిగా రాలేదు. రాత్రి పడుకునే ముందు 'ప్రభువా, ఇవాళ్టి పట్టీలు నీ దగ్గర పెట్టాను' అని ఒక్క ముక్క అని దీపం ఆర్పేస్తున్నాను. అంతకంటే ఎక్కువ అంటే మళ్లీ పాత టేపు మొదలవుతుంది.

ఆ రైతు నంబరు పాత పట్టీ పుస్తకంలో దొరికింది. మూడు రోజులు చేతిలో పట్టుకుని తిరిగి, నిన్న చేశాను. నేనెవరో చెప్పగానే గుర్తుపట్టాడు. క్షమించమన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, 'రెండు రాత్రులు టిక్కీల మీదే కూర్చుని ఉన్నా బాబూ, నాకూ నిద్ర లేదు, లేకపోతే ఒకటే మాట మూడుసార్లు అడుగుతానా' అన్నాడు. కోల్డ్ స్టోరేజీలో ఇంకో ఇరవై టిక్కీలు ఉన్నాయట. యార్డు తెరిచాక తెస్తాను, కాటా దగ్గర నువ్వే ఉండు అన్నాడు.