పాప ఎగ్జిమాకి టీ ట్రీ ఆయిల్ రాయొచ్చా?

బుజ్జితల్లి_వాళ్ళమ్మ:
మా పాపకి మూడేళ్ళు, మోచేతి మడతల్లో మోకాళ్ళ వెనకాల ఎగ్జిమా. చలి మొదలైతే చాలు రాత్రంతా గోక్కుంటూనే ఉంటది, పొద్దున చూస్తే దుప్పటి మీద రక్తం చుక్కలు. డాక్టర్ గారు స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాశారు, రాస్తే తగ్గుద్ది మానేస్తే మళ్ళీ వస్తది, స్టెరాయిడ్ అనేసరికి మా అత్తయ్య గారు హడలిపోతున్నారు. మా ఆడపడుచు టీ ట్రీ, లావెండర్ ఆయిల్ సీసాలు పంపింది, చెట్టు నుంచి వచ్చిందే కదా డైరెక్ట్‌గా రాసెయ్యి వదినా అంటోంది. ఎవరైనా వాడారా?

మొటిమల_మహారాణి:
నేను మొటిమలకి వాడతా, నాకు మంచిగనే పనిచేసింది అక్కా. కానీ నాది 5 శాతం జెల్, సీసాల ఉండే ఉత్త నూనె కాదు. పాపకి ఎట్లుంటదో మరి.

కౌంటర్_వెనకాల:
డైరెక్ట్‌గా మాత్రం రాయకండమ్మా, గోకి గోకి తోలు లేచిన చోట అస్సలు వద్దు. ఫార్మసీలో పనిచేస్తా కాబట్టి రోజూ చూస్తుంటా. పైన ఆ అమ్మాయి చెప్పిందీ కరెక్టే, 1990లో ఆస్ట్రేలియాలో మొటిమలున్న 124 మంది మీద 5 శాతం టీ ట్రీ జెల్‌నీ మొటిమలకి మామూలుగా వాడే మందు 5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్‌నీ పోల్చి చూశారు, రెండూ పనిచేశాయి, టీ ట్రీ కాస్త నిదానం కానీ సైడ్ ఎఫెక్ట్స్ తక్కువ. చుండ్రుకి కూడా 2002లో ఒక స్టడీ వచ్చింది, 5 శాతం షాంపూతో 41 శాతం తగ్గితే నూనె కలపని దాంతో 11 శాతమే. కానీ ఎగ్జిమా లెక్క వేరు. అక్కడ చర్మం పైపొరే వీక్, ఏది రాసినా ఇట్టే లోపలికి దిగుద్ది, ఘాటు నూనె పడితే మంట సరే, అలర్జీ పట్టుకుంటే అది జన్మకి వదలదు. ఇంకోటి, ఆ సీసాల మూత తీసి ఎన్నాళ్ళైందో అడగండి. గాలీ వెలుతురూ తగిలేకొద్దీ టీ ట్రీలో పెరాక్సైడ్లనే రసాయనాలు తయారవుతాయి, అలర్జీ తెప్పించేవి ఎక్కువగా అవే, లావెండర్‌లో ఉండే లినలూల్ అనే వాసన పదార్థం కూడా గాలి పట్టాకే తేడా చేస్తది. పాపకి అందకుండా పైన పెట్టండి, పొరపాటున మింగితే మత్తుగా పడిపోతారు, హాస్పిటల్‌కి పరిగెత్తాల్సొస్తది.

నెల్లూరు_బాబాయ్:
మేం చిన్నప్పుడు జలుబుకి నీలగిరి తైలం, ఒంటికి కొబ్బరినూనె, అంతే. ఏమైంది మాకు?

కౌంటర్_వెనకాల:
బాబాయ్, కొబ్బరినూనె గానుగలో ఆడించేది, ఇవి ఆకుల్నీ పూలనీ ఆవిరి పట్టి తీసే ఘాటు సరుకు, రెండిటికీ పోలికే లేదు. కొబ్బరినూనె ఎగ్జిమాకి మాయిశ్చరైజర్‌లా కొందరు పిల్లలకి బాగానే పనిచేస్తది. నీలగిరి తైలం మాత్రం చిన్నపిల్లలు మింగితే ఫిట్స్ వచ్చిన కేసులున్నాయి.

బుజ్జితల్లి_వాళ్ళమ్మ:
బాబోయ్, ఆ లావెండర్ సీసా మూత ఆల్రెడీ తీసే ఉంది, వాళ్ళింట్లో సగం వాడారు కూడా. పక్కన పెట్టేశా. మరి స్టెరాయిడ్ సంగతి? ఎంత రాయాలో కూడా తెలీక అగ్గిపుల్ల తలంత తీసి అద్దుతున్నా.

కౌంటర్_వెనకాల:
అదేనమ్మా, అంత తక్కువ రాస్తే తగ్గేదెలా. మీ చూపుడు వేలు చివరి గణుపు పొడవునా ట్యూబ్ నొక్కితే వచ్చేది మీ రెండు అరచేతులంత చోటుకి సరిపోద్ది, ఆ లెక్కన పాప మడతలకి ఎంతో చూసుకోండి. ఎన్నాళ్ళు రాయాలో, ఎలా తగ్గించుకుంటూ మానాలో రాసిన డాక్టర్నే అడగండి, మెడికల్ షాపులో ఎవరో ఇచ్చిన మిక్స్ క్రీము (స్టెరాయిడ్‌లో ఫంగస్ మందు, యాంటీబయోటిక్ కలిపేసింది) జోలికి పోవద్దు. స్నానం అవ్వగానే ఒళ్ళు తడి పూర్తిగా ఆరకముందే వాసన లేని మాయిశ్చరైజర్ దట్టంగా పట్టించండి, ఎగ్జిమా తగ్గినట్టు కనిపించినా అది మాత్రం ఆపొద్దు. మాటిమాటికీ తిరగబెడుతుంటే టాక్రోలిమస్ అనే ఆయింట్‌మెంట్ గురించి కూడా అడగండి, అది స్టెరాయిడ్ కాదు.

మొటిమల_మహారాణి:
అన్నా, నా జెల్ కొని ఏడాది దాటింది, పడేయాల్నా?

కౌంటర్_వెనకాల:
ట్యూబ్ మీద డేట్ చూడు తల్లీ, దాటిపోతే పడెయ్. దాటకపోయినా రాసిన చోట ఎర్రబడో దురదొచ్చో ఉంటే ఆపేసి స్కిన్ డాక్టర్‌కి చూపించు, వీపు మీద ప్యాచ్ టెస్ట్ చేస్తారు, అంటే దేనికి అలర్జీయో తెలియడానికి అనుమానమున్నవి పట్టీలతో అంటిస్తారు, రెండ్రోజులకి ఊడదీసి ఒకసారి, ఆ తర్వాత ఇంకోసారి చూస్తారు.