ఊరి వాట్సాప్ గ్రూపులో ఆరోగ్యం కబుర్లు: ఏది పనిచేసింది, ఏది బెడిసికొట్టింది?

కొండపి వైపు ఏఎన్ఎం
అందరికీ నమస్కారం. ప్రకాశం జిల్లాలో పదకొండేళ్లుగా ఏఎన్ఎంగా చేస్తున్నాను. మా ఊరి ఆరోగ్య గ్రూపులో 212 మంది ఉన్నారు. పైనుంచి వచ్చిన పోస్టర్లన్నీ అందులో పెడతాను. డెంగీది, టీకాలది, బీపీది. చూసినవాళ్ల పేర్లు కనిపిస్తాయి గానీ ఒక్కరూ మాట్లాడరు. పోయిన నెల పోస్టర్ పక్కనపెట్టి, "రేపు శుక్రవారం, తొట్లు ఒంపేసి, రుద్ది కడిగి, ఆరబెట్టండమ్మా, నేనూ మా ఇంట్లో అదే చేస్తున్నా" అని ఇంట్లో మాట్లాడినట్టే వాయిస్ పెట్టాను. మర్నాడు తొమ్మిది మంది తమ తొట్ల ఫోటోలు పంపారు. ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి.

మీ ఊళ్లలో ఎలా చేస్తున్నారు? తప్పులు జరిగితే అవి కూడా చెప్పండి. నిజంగా నేర్చుకోవాలనే అడుగుతున్నా.

ఉదయగిరి ఆశా
అక్కా, వాయిస్ సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. నా బాధ ఇంకోటి. గర్భిణీలకు ఐరన్ మాత్రల గురించి పెట్టిన మెసేజ్ వాళ్లకు చేరడమే లేదు. ఇంట్లో ఉన్న ఒక్క మంచి ఫోన్ భర్త దగ్గర ఉంటుంది. ఆయనేమో బెంగళూరులో బేల్దారి పనిలో ఉంటాడు. మెసేజ్ అక్కడ మోగుతుంది, మాత్ర వేసుకోవాల్సిన మనిషి ఇక్కడ ఉంటుంది.

అందుకే ఆ వాయిస్‌ని నేనే ఉపాధి పని దగ్గరికి తీసుకెళ్లి, అన్నం తినే వేళ స్పీకర్ పెట్టి వినిపిస్తున్నా. ఒకసారి అది విని ఒకమ్మాయి నన్ను పక్కకు పిలిచింది. "మాత్ర వేసుకుంటే విరోచనం నల్లగా అవుతోందక్కా, భయమేసి మానేశా" అంది. ఐరన్‌కి అలా అవడం మామూలే అని చెప్పా. 180 రోజుల మాత్రల్లో ఇరవై కూడా మింగలేదు ఆ పిల్ల. మగవాళ్లున్న గ్రూపులో ఈ మాట ఎప్పటికైనా అడిగేదా?

కావలి మెడికల్ షాపు
"ఈ ఆకు నమిలితే షుగర్ మాత్రలు అక్కర్లేదు" అనే రీల్స్ చూసి మందులు ఆపేసినవాళ్లు నెలకు ఇద్దరు ముగ్గురైనా నా దగ్గరికి వస్తారు. వాళ్లను కోప్పడను. ఆ వీడియో చూపించమని అడుగుతా, కలిసి చూస్తాం, తర్వాత అక్కడే షుగర్ చూసుకోమంటా. మీటర్ మీద అంకె కనబడ్డాక నేను చెప్పాల్సింది పెద్దగా ఉండదు, నేరుగా డాక్టర్ దగ్గరికి పంపిస్తా.

కనిగిరి మాస్టారు
మా ప్రాంతంలో ఫ్లోరైడ్ గురించి వేరే చెప్పాలా! మా క్లాసులో పిల్లలు నవ్వితే గారపళ్లే. "బోరు నీళ్లు బాగా మరగబెడితే ఫ్లోరైడ్ పోతుంది" అని ఒక ఫార్వర్డ్ ఏడాదికోసారి తిరుగుతుంది. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ ఎక్కడికీ పోదు. నీరు ఆవిరై తగ్గుతుంది కాబట్టి మిగిలినదాంట్లో ఇంకాస్త చిక్కబడుతుంది కూడా.

గ్రూపులో "ఇది తప్పు" అని రాశాను. పట్టించుకోలేదు. అప్పుడు పిల్లలతోనే చేయించా. గిన్నెలో ఉప్పునీళ్లు సగమయ్యేదాకా కాచి, చల్లారాక చుక్క నాలుక మీద వేసుకుని, "ఉప్పు పోలేదు, ఎక్కువైంది, ఫ్లోరైడూ అంతే" అని వాళ్లే చెప్పారు. నిమిషం వీడియో. మా ఊరి పిల్లలు కదా, పక్క ఊళ్ల గ్రూపులకూ పాకింది.

ఇంకో మాట. మా దగ్గర తాగడానికి క్యాన్ నీళ్లు కొంటారు, వంటకు మాత్రం బోరు నీళ్లే. అన్నం, పప్పు ఆ నీటిని పీల్చుకుంటాయి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీటితో వండితే క్యాన్ కొన్న లాభం సగం పోయినట్టే. నీళ్ల మెసేజ్ పెట్టేవాళ్లు దయచేసి వంట సంగతి వదిలేయకండి.

ముత్తుకూరు వైపు కుర్రాడు
2021 మే నాటి మాట. కరోనాకని ఆనందయ్య ఇచ్చిన కృష్ణపట్నం నాటు మందు గురించిన వీడియో నేనూ అన్ని గ్రూపులకూ పంపాను. మా ఊరికి దగ్గర, మనవాళ్లకు మేలు జరుగుతుందనుకున్నా. వేల మంది వచ్చేశారు. అంబులెన్సుల్లో, ఆక్సిజన్‌తో వచ్చినవాళ్లను కూడా చూశాను. ఆ రద్దీలో మాస్కులు లేవు, ఎడం లేదు. పంపిణీ ఆగింది, పరిశీలన జరిగింది, నెలాఖరుకు కంటి చుక్కలు తప్ప మిగతావాటికి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఆ మందు మంచిచెడ్డలు తేల్చడానికి నేనెవర్ని? నన్ను ఇప్పటికీ తొలిచేది ఒకటే. నా ఫార్వర్డ్ చూసి ఒంగోలు నుంచి మా బాబాయి వాళ్లు జ్వరంతోనే కారెక్కారు. ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజు దారిలో గడిచిపోయింది. ఆయన బతికి బయటపడ్డాడు, అంతే చాలు.

అప్పటినుంచి రెండు బాణాల గుర్తున్న మెసేజ్ వస్తే, అంటే చాలాసార్లు ఫార్వర్డ్ అయినది వస్తే, మా ఏఎన్ఎం మేడమ్‌కు పంపి అడుగుతాను. ఆవిడ సరే అంటేనే ముందుకు పంపిస్తా.

పేరు వద్దు, ఒంగోలు
చాలాసేపు ఆలోచించి రాస్తున్నా. మా నాన్నకు టీబీ వచ్చింది. మందులు తీసుకోవాల్సిన వాళ్ల లిస్టును ఎవరో పొరపాటున ఊరి గ్రూపులో పెట్టారు. పది నిమిషాల్లో తీసేశారు. కానీ ఎవరో అప్పటికే ఫోటో తీసుకున్నారు. మర్నాడు టీ అంగట్లో నాన్నకు ప్లాస్టిక్ కప్పు ఇచ్చారు, మిగతావాళ్లకు గాజు గ్లాసులు. నాన్న ఆ అంగడికి మళ్లీ వెళ్లలేదు. మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకే ఇంకొకరికి అంటించే గుణం బాగా తగ్గిపోతుందని మాకు డాక్టర్ చెప్పారు. అది ఆ గ్రూపులో ఎవరూ చెప్పలేదు. ఆరు నెలల కోర్సు పూర్తయింది, నాన్న బాగున్నారు. మీరంతా మంచి మనసుతో చేస్తున్నారని తెలుసు. పేర్లు మాత్రం పెట్టకండి. ఫోటోలూ పెట్టకండి.

కొండపి వైపు ఏఎన్ఎం
తల్లీ, ఇది రాసినందుకు నీకు దండం. టీకాలు వేయించుకోని పిల్లల పేర్లు నేను గ్రూపులో పెట్టేదాన్ని, త్వరగా వస్తారని. ఇప్పుడే వెనక్కి వెళ్లి అన్నీ తీసేశాను. ఇకమీదట ఆ ఇంటికే ఫోన్ చేస్తా.

పీహెచ్‌సీ డాక్టర్, నెల్లూరు జిల్లా
నేనూ ఒకటి చెబుతా. కోతల కాలంలో పాముకాట్లు వస్తాయి. కాలికి తాడు బిగించి, గాటు పెట్టి, పసరు పోయించుకుని, మూడు గంటలు గడిచాక తీసుకొచ్చేవాళ్లు. ఇప్పుడు కోతలకు ముందే పొలంలో నిలబడి నలభై సెకన్ల వీడియో తీసి పంపుతున్నా. కట్టొద్దు, కోయొద్దు, నడిపించొద్దు, కాలు కదలకుండా పెట్టి 108కి ఫోన్ చేయండి, అంతే. పామును చంపి తేవాల్సిన పనిలేదు. ఇక్కడి విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ పనిచేసేదే. మొన్న ఒక కూలీని గంటలోపే తెచ్చారు. "మీ వీడియోలో చెప్పారు గదా సార్" అన్నాడు తెచ్చినతను. ఆ మాట నాకు చాలా రోజులు గుర్తుంటుంది.

రాత్రిళ్లు గ్రూపులో పుండ్ల ఫోటోలు పెట్టి మందు అడుగుతారు. గ్రూపులో చెప్పను. విడిగా ఫోన్ చేయమంటాను, లేదా రమ్మంటాను.

కొండపి వైపు ఏఎన్ఎం
సార్, రేపు కుక్కకాటు గురించి వాయిస్ పెడదామనుకుంటున్నా. ఇలా రాసుకున్నా, దిద్దండి: "కుక్క కరిచినా, గీరినా వెంటనే పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. కారం, సున్నం పెట్టొద్దు. అదే రోజు పీహెచ్‌సీకి రండి. సున్నా, మూడు, ఏడు, ఇరవై ఎనిమిదో రోజుల్లో సూదులు వేస్తాం."

పీహెచ్‌సీ డాక్టర్, నెల్లూరు జిల్లా
బాగుంది మేడమ్. చేతికి వేస్తామని కూడా చెప్పండి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని పెద్దవాళ్లు ఇంకా భయపడుతున్నారు.

ఉదయగిరి ఆశా
సున్నా రోజు అంటే మావాళ్లకు తెలియదక్కా. సోమవారం కరిస్తే సోమవారమే ఒకటి, గురువారం ఒకటి, మళ్లీ సోమవారం ఒకటి, మొదటి సూది నుంచి నాలుగు వారాలకు వచ్చే సోమవారం ఆఖరుది అని చెప్పు.

కొండపి వైపు ఏఎన్ఎం
అలాగే మార్చి ఇప్పుడే రికార్డు చేశా. నలభై రెండు సెకన్లు వచ్చింది. ఉపాధి పని దగ్గర వినిపించడానికి నీకూ పంపుతున్నా చెల్లీ.