36 ఏళ్లకు నీట్: ఫిజిక్స్ దగ్గరే ఆగిపోతున్నాను, దారి చెప్పండి
అందరికీ నమస్కారం. మాది హిందూపురం. పన్నెండేళ్లుగా బెంగళూరులో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేస్తున్నాను. ఇంటర్‌లో బైపీసీ. నాన్న పోవడంతో డాక్టర్ చదువు ఆగిపోయింది గానీ ఆశ చావలేదు. 2022లో నీట్‌కు గరిష్ఠ వయోపరిమితి ఎత్తేశారని ఆలస్యంగా తెలిసింది. మళ్లీ పుస్తకాలు తీశాను.

తెల్లవారుజామున నాలుగింటికి లేచి, పాప లేచేదాకా వంటింట్లోనే చదువుతున్నాను. బయాలజీ 90 ప్రశ్నలంటే భయం లేదు. ఫిజిక్స్ 45 ప్రశ్నలంటేనే టెన్షన్. నిన్న వాలు తలం మీద జారే దిమ్మె లెక్క ఒక్కదానికే ముప్పావుగంట పట్టింది. పరీక్షలో 180 ప్రశ్నలకు ఉన్నది 180 నిమిషాలే.

ఉద్యోగం మానకుండా ఫిజిక్స్ మొదటినుంచి నేర్చుకున్నవాళ్లు ఎక్కడ మొదలుపెట్టారు? పిల్లలు పుట్టాక ఎంబీబీఎస్‌లో చేరినవాళ్లుంటే, ఆ నాలుగున్నరేళ్లూ, ఆపైన ఇంటర్న్‌షిప్ ఏడాదీ ఇల్లు ఎలా గడిచింది? మా ఆయన సరేనన్నారు. అత్తయ్యకు ఇంకా చెప్పలేదు, ఎలా చెప్పాలో కూడా చెప్పండి.