అప్‌డేట్: విండోస్ 11కి ‘టీపీఎం 2.0 లేదు’ అన్న సమస్య తీరింది

ఇంట్లోని ఇంటెల్ 8వ తరం డెస్క్‌టాప్‌ను విండోస్ 10 నుంచి 11కి మార్చబోతే టీపీఎం 2.0 (ఎన్‌క్రిప్షన్ కీలను భద్రంగా దాచే సెక్యూరిటీ చిప్) లేదంటోందని అడిగాను కదా, పని అయిపోయింది. అందరికీ థాంక్స్.

చిప్ కొనక్కర్లేదు, బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరిచే సెట్టింగ్స్‌లో) చూడమన్న సలహానే పనిచేసింది. సెక్యూరిటీ మెనూలో ఇంటెల్ పీటీటీ (విడిగా చిప్ లేకుండానే టీపీఎం పని చేసే ఫీచర్) ‘డిసేబుల్డ్’ అని ఉంది. ఎనేబుల్ చేయగానే టీపీఎం కనిపించింది. తర్వాత సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ మొదలయ్యేలా చూసే సెట్టింగ్) దగ్గర మళ్లీ ఆగింది; డిస్క్ ఎంబీఆర్ అనే పాత పార్టిషన్ పద్ధతిలో ఉండటమే కారణం. ఫొటోలన్నీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసుకుని, విండోస్‌లోనే ఉండే ఎంబీఆర్2జీపీటీ టూల్‌తో కొత్త జీపీటీ పద్ధతికి మార్చి, బయోస్‌లో లెగసీ (పాత బూట్ పద్ధతి) తీసేసి యూఈఎఫ్ఐ (కొత్తది) పెట్టాను. కాస్త టెన్షన్ పడ్డది ఇక్కడే. ఒక్క ఫైలూ పోలేదు.

ర్యామ్ పెంచమన్నారు కొందరు, దాంతో సంబంధమే లేదు. కనీసం 4 జీబీ చాలు, నాకు 8 ఉంది. బిట్‌లాకర్ (డిస్క్‌ను లాక్ చేసే విండోస్ ఎన్‌క్రిప్షన్) ఆన్‌లో ఉన్నవాళ్లు మాత్రం బయోస్ ముట్టుకునే ముందే రికవరీ కీ రాసిపెట్టుకోండి.