“ముజుకషీ” అంటే కష్టమా, కుదరదా?

కొత్తగా వచ్చాను, టోక్యో: అందరికీ నమస్కారం. నిషి కసాయిలో ఒక ఇల్లు నచ్చింది. ఏజెంట్ ఓనర్‌తో ఫోన్‌లో మాట్లాడి “ముజుకషీ దెస్ నే” అన్నాడు. యాప్‌లో చూస్తే “కష్టం” అని వచ్చింది. ఇంకో రెండు కాగితాలు పెడితే పని అవుతుందా?

కవసాకి: ఆగొద్దు తమ్ముడూ, అది అయిపోయింది. మాటకు అర్థం కష్టమే, కానీ అక్కడ కుదరదనే. పెళ్లిచూపులయ్యాక “కబురు చేస్తాం” అన్నట్టు. 2013లో నాకూ ఇదే జరిగింది. ఏజెంట్ తల పక్కకి వంచి, మిరపకాయ కొరికినట్టు పళ్ల మధ్య నుంచి “స్స్...” అని గాలి పీల్చి ఈ మాటే అన్నాడు. కష్టమైతే మనం కష్టపడదాం అనుకుని మర్నాడు జీతం స్లిప్పులు పట్టుకెళ్లాను. మళ్లీ “స్స్...”. శనివారం కాజూ కత్లీ డబ్బా కూడా ఇచ్చాను. వంగి వంగి దండాలు పెట్టి తీసుకున్నాడు. మూడు వారాలు పోయాక ఆఫీసులో జపాన్ సహోద్యోగి చెప్పాడు, మొదటి రోజే లేదన్నారని.

యోకోహామా: అన్నయ్యా, ప్రతిచోటా అలా కాదు. కంజి అక్షరాలు ముజుకషీ అంటే నిజంగానే కష్టం. మా మేనేజర్ సెలవుకి ఆ మాటే అంటే, ఏ తేదీ అయితే బాగుంటుందని అడిగాను. వారం జరిపితే ఒప్పుకున్నాడు.

కవసాకి: మేనేజర్ వేరు, ఓనర్ వేరు. “చొత్తో...” (కొంచెం...) అని సాగదీసి ఆపేసినా లేదనే.

ఫునబోరి: మీరిద్దరూ మొదలెట్టారా! బాబూ, ప్రభుత్వ సంస్థ అద్దెకిచ్చే యూఆర్ ఇళ్లు చూడు. రేకిన్ (ఓనర్‌కి ఇచ్చే, తిరిగిరాని డబ్బు) ఉండదు, హామీదారు అక్కర్లేదు, రెన్యువల్ ఫీజూ లేదు. ఆదాయం మాత్రం చూపించాలి. నువ్వు అడగలేదు గానీ, ఇల్లు మారిన 14 రోజుల్లో వార్డ్ ఆఫీసులో అడ్రస్ రాయించుకో. ఖాళీ చేసేటప్పుడు మామూలు అరుగుదలకి డిపాజిట్ కోయకూడదు, 2020 ఏప్రిల్ నుంచి చట్టంలోనే ఉంది.

కవసాకి: ఉంది అక్కా, కానీ క్లీనింగ్ ఖర్చు కాంట్రాక్టులో రాసుంటే కోస్తారు. నాకు కోశారు.

ఫునబోరి: సంతకం పెట్టే ముందు చదవాలి మరి.

కొత్తగా వచ్చాను, టోక్యో: థాంక్స్ అండీ. ఇప్పుడే ఏజెంట్ మెయిల్ పెట్టాడు, ఓనర్ “కెంతో షిమాసు” అన్నాడట. ఆలోచిస్తాననే కదా?

కవసాకి: స్వీటు డబ్బా మాత్రం కొనకు.