‘సహజ ప్రతిభ’ అనడం పునరుక్తి దోషమా?

ప్రశ్న:
మా పాఠశాల వార్షిక సంచికకు వచ్చిన ఒక వ్యాసంలో, గురువు వద్ద నేర్చుకోకుండానే బుర్రకథ చెబుతున్న తొమ్మిదో తరగతి అమ్మాయిని ప్రశంసిస్తూ ‘ఆమె సహజ ప్రతిభ అందరినీ ఆకట్టుకున్నది’ అని రాశారు. ప్రతిభ అంటేనే పుట్టుకతో వచ్చేది కనుక ‘సహజ’ అనే విశేషణం అనవసరమని సహోపాధ్యాయులొకరు దానిని కొట్టివేశారు. అయితే అదే సంచికలో పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్నవారి జాబితాకు ‘మా ప్రతిభావంతులు’ అని శీర్షిక పెట్టాము. ఆ మార్కులు పుట్టుకతో వచ్చినవి కావు కదా. ఈ మాటను ఎక్కడ, ఎలా వాడాలో తెలిసినవారు వివరించగలరని మనవి.

మొదటి సమాధానం:
‘భా’ ధాతువుకు ప్రకాశించడం అని అర్థం. ప్రతిభ అంటే మనసులో తటాలున మెరిసే స్ఫురణ. సంస్కృత కావ్యశాస్త్రకారుడు భట్టతౌతుడు దీనిని ‘ప్రజ్ఞా నవనవోన్మేషశాలినీ ప్రతిభా మతా’ అని నిర్వచించాడు. ఎప్పటికప్పుడు కొత్తగా వికసించే ప్రజ్ఞే ప్రతిభ అన్న ఈ నిర్వచనంలో కొత్తదనానికి చోటున్నది గాని పుట్టుక ప్రస్తావన లేదు. పైగా మరో కావ్యశాస్త్రకారుడు దండి ‘కావ్యాదర్శం’లో కావ్యసంపదకు కారణాలు చెప్పేటప్పుడు ‘నైసర్గికీ చ ప్రతిభా’ (సహజమైన ప్రతిభ) అని విశేషణంతోనే చెప్పాడు. దండికి దోషం కానిది మీ సంచికకు దోషమెలా అవుతుంది?

రెండవ సమాధానం:
పై సమాధానంతో ఏకీభవిస్తూనే, అసలు కీలకం రాజశేఖరుని కావ్యశాస్త్ర గ్రంథం ‘కావ్యమీమాంస’లో ఉన్నదని చెప్పాలి. ఆయన ప్రతిభను రచించేవానికి ఉపకరించే కారయిత్రి అని, ఆస్వాదించేవానికి ఉపకరించే భావయిత్రి అని విభజించి, అందులో కారయిత్రిని మళ్లీ సహజ, ఆహార్య, ఔపదేశిక అని మూడు విధాలుగా చెప్పాడు. పూర్వజన్మ సంస్కారం వల్ల కలిగేది సహజ, ఈ జన్మలోని సంస్కారం వల్ల కలిగేది ఆహార్య, మంత్రతంత్రాదుల ఉపదేశంతో వచ్చేది ఔపదేశిక. మూడు రకాలున్నప్పుడు ఏ రకమో చెప్పడం పునరుక్తి కాదు. మన కోనసీమలోని ముంగండకు చెందిన జగన్నాథ పండితరాయలు ‘రసగంగాధరం’లో కావ్యానికి ప్రతిభ ఒక్కటే కారణమని ఖండితంగా చెప్పి కూడా, ఆ ప్రతిభ కొందరికి దేవతల లేదా మహాపురుషుల అనుగ్రహం వల్ల, మరికొందరికి వ్యుత్పత్తి (చదువుతో, లోకాన్ని చూసి పొందే జ్ఞానం), అభ్యాసాల వల్ల కలుగుతుందని అంగీకరించాడు. కనుక సాధనతో వచ్చినది ప్రతిభ కాదనే వాదానికి శాస్త్రంలో బలం తక్కువ. అయితే ఆ అమ్మాయి ఇంట్లో బుర్రకథ చెప్పే పెద్దలెవరైనా ఉన్నారేమో కనుక్కోండి; చిన్ననాటినుంచి వింటూ పెరిగి ఉంటే ఆమెది ఆహార్య ప్రతిభ అవుతుంది, అప్పుడు ‘సహజ’ అన్న మాటను తీసివేయడమే సరి, కారణం మాత్రం మీ సహోపాధ్యాయులు చెప్పినది కాదు.

మూడవ సమాధానం:
శాస్త్రం అలా ఉండగా, వాడుకను కూడా చూడాలి. ఇంట్లో మనం ‘ఆ పిల్లకు పాట అబ్బింది’ అంటాము, ‘వీడికి చదువు అబ్బలేదు’ అని కూడా అంటాము. వచ్చిందా రాలేదా అన్నదే అక్కడ ముఖ్యం, పుట్టుకతోనా సాధనతోనా అని ఆ క్రియ తేల్చదు. పోతన భాగవతంలోని స్కంధాంత గద్యలలో (స్కంధం చివర కవి తన పేరు చెప్పుకొనే వచనాలలో) ‘సహజపాండిత్య’ అన్న విశేషణం కనిపిస్తుంది. చదివి సంపాదించేదని అందరూ అనుకునే పాండిత్యానికే ‘సహజ’ చెల్లినప్పుడు ప్రతిభకు చెల్లదనడం విడ్డూరం. ఇక పత్రికలు పరీక్షా ఫలితాలకు ‘ప్రతిభ కనబరిచారు’ అని రాయడం, వికలాంగులను ‘విభిన్న ప్రతిభావంతులు’ అని గౌరవంగా పేర్కొనడం స్థిరపడిన వాడుకలే. వాటిని తప్పనలేము గాని, అన్నింటికీ ఒకే మాట వాడితే మెరుపు అన్న అసలు అర్థం పలచబడుతుందని నా అభిప్రాయం. మార్కుల జాబితాకు ‘ఉత్తమ ఫలితాలు సాధించినవారు’ అని పెట్టండి. అభ్యాసంతో కుదిరిన పనితనాన్ని నైపుణ్యమనండి. విషయాన్ని లోతుగా గ్రహించే తెలివికి ప్రజ్ఞ అన్న మాట చక్కగా సరిపోతుంది.