ఒకవైపు కన్నూ చెవీ రెండూ పోయినా సదరంలో 40% రాదా?

గట్టుమీద_రావిచెట్టు:
మా ఊళ్లో ఒకాయనకు ఎడమ కన్ను పూర్తిగా పోయింది, ఎడమ చెవి అసలు వినపడదు. కుడివైపు రెండూ బాగానే ఉన్నాయి. సదరం క్యాంపులో (వైకల్య శాతం తేల్చే ప్రభుత్వ వైద్య పరీక్ష) కన్ను మాత్రమే చూసి 30% రాసిచ్చారు. 40 లేదని పింఛను ఆగింది. చెవి కూడా కలిపితే ఎంతవుతుంది? మళ్లీ స్లాట్ పెట్టించాలా, అప్పీలుకు వెళ్లాలా?

లెక్కల_పంతులు:
కంటికి 30 వేయడంలో తప్పు లేదండి. అద్దాలు పెట్టుకుని చూసినప్పుడు మంచి కంటి చూపు 6/18కి (మామూలు కంటికి 18 మీటర్ల నుంచి కనిపించేది 6 మీటర్ల నుంచి కనిపించడం) తగ్గకుండా ఉండి, రెండోది 3/60 కన్నా తక్కువైతే కేంద్రం పట్టికలో ఉన్నది 30 మాత్రమే. ఆ కంట్లో పూర్తి చీకటైనా అది పెరగదు.

చెవి లెక్క వేరు. మంచి చెవి శాతాన్ని 5తో గుణించి, చెడ్డ చెవి శాతం కలిపి, 6తో భాగిస్తారు. మంచిది 0, చెడ్డది 100 అనుకుంటే 16.7. అందుకే ఒంటి చెవి చెవుడుతో ఎవరికీ 40 రాదు.

ఈ రెండింటినీ నేరుగా కూడరు. పెద్ద శాతం ఎ, చిన్నది బి అయితే: ఎ + బి × (90 – ఎ) ÷ 90. ఇక్కడ 16.7 × 60 ÷ 90 = 11.1. మొత్తం 41.1. గట్టెక్కినట్టే!

నియమాల_పుస్తకం:
పంతులుగారూ, లెక్క సరే, అసలు చిక్కు అక్కడ లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం షెడ్యూలులో వినికిడి లోపమంటే రెండు చెవుల్లోనూ కనీసం 60 డెసిబెల్స్ నష్టం. చూపు లోపమూ మంచి కంటిని బట్టే. ఈయనకు రెండు లోపాలూ ఆ నిర్వచనంలోకి రావు కాబట్టి బహుళ వైకల్యం (ఒకటికి మించిన వైకల్యాలు) కాదని వైద్య బోర్డు అనొచ్చు. 41 ఖాయమని ఆయనకు మాట ఇవ్వకండి.

ముందు ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించండి, 500, 1000, 2000, 4000 హెర్ట్జ్‌ల దగ్గర, రెండు చెవులకూ. ‘బాగానే ఉంది’ అనుకునే చెవిలోనూ లోపం బయటపడుతుంటుంది. మంచి చెవికి 15% తేలితే చెవి లెక్క 29.2కి, మొత్తం 49.4కి పోతుంది. గులిమి, చీము ఉంటే ముందు తగ్గించుకుని వెళ్లండి, లేదంటే రీడింగ్ నమ్మరు.

గట్టుమీద_రావిచెట్టు:
మరి దరఖాస్తు ఎలా?

సచివాలయం_మెట్లు:
చెవిని అసలు చూడలేదు కాబట్టి దానిమీద నిర్ణయమే లేదు. అందుకని ముందు చెవి కూడా చూడమని పునఃపరీక్షకు పెట్టండి, దరఖాస్తులో రెండు వైకల్యాలకూ టిక్కు పెట్టి. కంటి డాక్టరూ ఈఎన్‌టీ ఇద్దరూ కూర్చునే రోజు ఏదో ఆసుపత్రిలో కనుక్కుని వెళ్లండి. పాత సర్టిఫికెట్ దాచి కొత్తవారిలా మాత్రం పెట్టొద్దు.

కాదంటే కారణం రాసి ఇమ్మని గట్టిగా అడగాలి. ఆ చట్టం కింద వచ్చిన 2017 నియమాల్లో దానికి ఫారం-8 ఉంది. నోటిమాటతో పంపేస్తే అప్పీలుకు జతచేయడానికి కాగితం ఉండదు, ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. రాష్ట్ర నియమాల్లో ఉన్న గడువులోపు రాష్ట్రం నియమించిన అప్పీలు అధికారికి రాయాలి. 30% సర్టిఫికెట్ తేదీ కూడా చూసుకోండి. అప్పీలు గడువు దాటకపోతే పునఃపరీక్షతో పాటే అప్పీలూ పెట్టేయండి, అర్జీలో ‘చెవి పరీక్ష చేయలేదు’ అన్న ఒక్క ముక్క స్పష్టంగా రాసి.

లెక్కల_పంతులు:
నిర్వచనం సంగతి నేను వదిలేశాను, నిజమే. ఒకటి కలుపుతాను: ఆంధ్రలో దివ్యాంగుల పింఛను 2024లో 6,000 అయింది, కాబట్టి పరిశీలనా గట్టిగానే ఉంటుంది. ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష రిపోర్టు) అసలు కాగితం బోర్డుకు ఇచ్చేయకండి, జిరాక్సు ఇచ్చి అసలు చూపించండి.